నిద్ర వేళలూ బడి లెక్కలోకి రావాలి: విద్యాశాఖ మంత్రులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విద్యాశాఖ మంత్రి గార్లకు,

పిల్లల్లో ఊబకాయం పెరుగుతోందన్న మాట వచ్చినప్పుడల్లా ఆ ఫైలు ఆరోగ్యశాఖకు వెళ్తుంది. అక్కడి నుంచి తల్లిదండ్రులకు సలహాలు వస్తాయి: చిప్స్ మాన్పించండి, కూల్‌డ్రింకులు కొనకండి, సాయంత్రం కాసేపు ఆడుకోనివ్వండి. అన్నీ మంచి మాటలే. అయితే పిల్లల బరువును ప్రభావితం చేసే ఒక పెద్ద విషయం ఆరోగ్యశాఖ చేతిలో లేదు, చాలావరకు తల్లిదండ్రుల చేతిలోనూ లేదు. అది మీ చేతిలో ఉంది. పిల్లలు ఎన్నింటికి లేవాలో, రాత్రి ఎన్నింటికి పుస్తకం మూయాలో ఇవాళ తేలుస్తున్నవి బడి టైంటేబుల్, హాస్టల్ టైంటేబుల్. నిద్ర తగ్గితే ఎదిగే ఒంట్లో ఏం జరుగుతుందో, ఒత్తిడి హార్మోన్లకూ బరువుకూ దానితో ఉన్న లంకె ఏమిటో, అందులో ఎంతవరకు రుజువైందో, ఏది ఇంకా తేలలేదో మీ ముందుంచి, ఆ ఆధారంతో ఒక ఉత్తర్వు కోరడానికి ఈ లేఖ రాస్తున్నాను.

ముందు అవసరం ఎంతో చూద్దాం. అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ నియమించిన నిపుణులు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను పరిశీలించి 2016లో ఒక నిర్ణయానికి వచ్చారు. 6 నుంచి 12 ఏళ్ళ పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్ళ వాళ్ళకు 8 నుంచి 10 గంటలు నిద్ర ఉండాలి. ఇప్పుడు మన రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీల దినచర్యను దీని పక్కన పెట్టండి. తెల్లవారుజామున 5 గంటలకు బెల్లు. ముఖం కడిగీ కడగకముందే స్టడీ అవర్. ఆపైన క్లాసులు, సాయంత్రం స్లిప్ టెస్టు, భోజనం కాగానే మళ్ళీ స్టడీ అవర్, అది ముగిసేసరికి రాత్రి పదకొండు. మంచం మీద వాలిన మరుక్షణమే నిద్రపట్టినా దక్కేది ఆరు గంటలు. కనీస అవసరానికి రోజుకు రెండు గంటల తరుగు. వారం తిరిగేసరికి అది 14 గంటలవుతుంది. ఇంటర్ పిల్లలతోనే ఇది ఆగితే కొంత నయం. ఫౌండేషన్ కోర్సుల పేరుతో ఆరో తరగతి పిల్లలు కూడా ఇలాంటి హాస్టళ్ళకు చేరుతున్నారు. పదకొండేళ్ళ పిల్లకు కావలసింది తక్కువలో తక్కువ తొమ్మిది గంటలు. నగరాల్లో డే స్కాలర్ల సంగతీ గొప్పగా ఏమీ లేదు. పొద్దున్నే ఆరున్నరకో ఏడుకో బస్సు, సాయంత్రం ట్యూషన్, ఆ తర్వాత హోంవర్క్.

ఇక ఒంటి లోపలి సంగతి. రెండు మూత్రపిండాల మీద టోపీ పెట్టినట్టు ఉండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోనును విడుదల చేస్తాయి. మెదడులోని హైపోథాలమస్, దాని కింద ఉన్న పిట్యూటరీ ఎంత విడుదల చేయాలో వాటికి చెబుతాయి. కార్టిసాల్ మనకు శత్రువేమీ కాదు. అది లేకపోతే ప్రాణమే నిలవదు. దానికి ఒక రోజువారీ నడక ఉంది. తెల్లవారే వేళకు పెరుగుతూ వచ్చి, నిద్ర లేచిన అరగంట, ముప్పావుగంట లోపల శిఖరానికి చేరుతుంది. అక్కడి నుంచి పగలంతా దిగుతూ, అర్ధరాత్రి ప్రాంతంలో అట్టడుగుకు వస్తుంది. నిద్రలోకి జారుకున్న తొలి గంటల్లో పట్టే గాఢనిద్ర ఈ వ్యవస్థను అణచి ఉంచుతుంది. ఎదుగుదల హార్మోను పెద్ద మోతాదులో విడుదలయ్యేది కూడా ఆ వేళలోనే. నిద్రకు కోత పడితే ఈ నడక తప్పుతుంది. షికాగో విశ్వవిద్యాలయంలో కరీన్ స్పీగెల్, ఈవ్ వాన్ కాటర్ బృందం 11 మంది ఆరోగ్యవంతులైన యువకులను ఆరు రాత్రుల పాటు నాలుగేసి గంటలే పడుకోనిచ్చింది. సాయంత్రానికి దిగిపోవలసిన కార్టిసాల్ సరిగా దిగలేదు, రక్తంలో చక్కెరను అదుపు చేసే శక్తి తగ్గింది. 1999లో లాన్సెట్‌లో వచ్చిన ఆ అధ్యయనం ఇప్పటికీ ఈ రంగంలో మైలురాయి.

కార్టిసాల్ అవసరానికి మించి, వేళ కాని వేళ ఒంట్లో ఉంటే బరువు ఎలా పెరుగుతుందో చూడాలంటే ప్రయోగశాలకు పోనక్కర్లేదు. నెఫ్రోటిక్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకు డాక్టర్లు వారాలు, నెలల తరబడి ప్రెడ్నిసోలోన్ ఇస్తారు. అది కార్టిసాల్ చేసే పనే చేసే మందు. ఆ పిల్లల తల్లులను అడిగితే చెబుతారు: ఆకలి ఎలా విజృంభిస్తుందో, బుగ్గలు ఎలా ఉబ్బుతాయో, పొట్ట ఎలా ముందుకు వస్తుందో. ప్రాణం కాపాడే ఆ మందును డాక్టరు చెప్పకుండా ఎవరూ మానకూడదు. నిద్ర చాలని పిల్ల ఒంట్లో కార్టిసాల్ అంత మోతాదుకు చేరుతుందనీ నేను అనడం లేదు. అది ఏ దిక్కుకు లాగుతుందో తెలియడానికి ఈ ఉదాహరణ చాలు. కాలేయం నుంచి చక్కెరను రక్తంలోకి తోస్తుంది, తీపి మీదా కొవ్వు మీదా మనసు పోయేలా చేస్తుంది, చేరిన కొవ్వును నడుము చుట్టూ పోగేస్తుంది. దీర్ఘకాలం ఎక్కువగా ఉంటే పిల్లల ఎత్తు పెరుగుదలను కూడా వెనక్కి లాగుతుంది. అందుకే బరువు పెరుగుతూ ఎత్తు ఆగిపోయిన పిల్లను చూస్తే పిల్లల డాక్టర్లు అడ్రినల్ గ్రంథులను కూడా అనుమానిస్తారు.

పెద్దవాళ్ళ మీద చేసిన ప్రయోగాలను పిల్లలకు అంటగట్టడం సరి కాదని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. పిల్లల మీద జరిగిన పరిశోధనలే చూద్దాం. బ్రిటన్‌లో ఎనిమిది వేల మందికి పైగా పిల్లలను పుట్టుక నుంచి గమనించిన అధ్యయనం ఒకటి 2005లో వెలువడింది. రెండున్నరేళ్ళ వయసులో అందరికన్నా తక్కువ నిద్రపోయిన పావు వంతు పిల్లలకు ఏడేళ్ళు వచ్చేసరికి ఊబకాయం వచ్చే అవకాశం దాదాపు ఒకటిన్నర రెట్లని అందులో తేలింది. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972, 73లలో పుట్టిన వెయ్యి మందికి పైగా పిల్లలను ఇప్పటికీ గమనిస్తున్నారు. వాళ్ళలో 5 నుంచి 11 ఏళ్ళ మధ్య తక్కువ నిద్రపోయినవారు 32 ఏళ్ళకు ఎక్కువ బరువుతో ఉన్నారు. తల్లిదండ్రుల బరువును, చిన్నప్పుడు టీవీ చూసిన సమయాన్ని లెక్కలోంచి తీసేసినా ఆ తేడా నిలిచింది. ఫిన్లాండ్‌లో ఎనిమిదేళ్ళ పిల్లల మణికట్టుకు కదలికలు కొలిచే పరికరం కట్టి, రోజులో పలుమార్లు లాలాజలంలో కార్టిసాల్ కొలిచారు. నిద్ర సరిగా సాగని పిల్లల్లో పగటిపూట కార్టిసాల్ ఎక్కువగా కనిపించింది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది నెదర్లాండ్స్‌లో వెంట్రుకల మీద జరిగిన ఒక చిన్న అధ్యయనం. రక్తంలో, లాలాజలంలో కార్టిసాల్ ఆ క్షణపు సంగతి మాత్రమే చెబుతుంది. సూది చూసి భయపడినా అది పెరుగుతుంది. వెంట్రుక అలా కాదు. నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి మాడు దగ్గర కత్తిరించిన మూడు సెంటీమీటర్లలో గడిచిన మూడు నెలల లెక్క ఉంటుంది. 8 నుంచి 12 ఏళ్ళ పిల్లలను తీసుకుని చూస్తే, ఊబకాయం ఉన్నవాళ్ళ వెంట్రుకల్లో కార్టిసాల్ మామూలు బరువు ఉన్నవాళ్ళ కన్నా స్పష్టంగా ఎక్కువ. రెండు వర్గాలూ కలిపి 40 మందే కాబట్టి దీన్ని ఒక్కదాన్నే పట్టుకుని తీర్పు చెప్పలేం. ఒత్తిడి బరువును పెంచిందా, బరువు వల్ల తోటివాళ్ళ వెక్కిరింపులు పడీపడీ ఒత్తిడి పెరిగిందా అన్నదీ అందులో తేలదు. రెండూ జరుగుతాయనే నా అభిప్రాయం. బరువు ఎక్కువైన పిల్లలకు నిద్రలో గురక, ఊపిరి ఆగి ఆగి రావడం మొదలవుతాయి. దాంతో నిద్ర చెడుతుంది, ఆ చెడిన నిద్ర మళ్ళీ ఆకలినీ అలసటనూ పెంచుతుంది. ఆ వలయాన్ని ఎక్కడో ఒకచోట తెంచాలి. మందులు లేకుండా, ఖర్చు లేకుండా తెంచగలిగిన చోటు నిద్ర.

ఇవన్నీ పక్కపక్కన కనిపించే విషయాలే తప్ప ఒకదానికొకటి కారణమని రుజువేమిటని మీ అధికారులు అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. పేదరికం, ఇంట్లో కలతలు, నాణ్యత లేని తిండి నిద్రనూ చెడగొడతాయి, బరువునూ చెడగొడతాయి. అందుకే ప్రయోగం కావాలి. అమెరికాలో షాంటెల్ హార్ట్ బృందం 8 నుంచి 11 ఏళ్ళ 37 మంది పిల్లలతో అలాంటి ప్రయోగం చేసి 2013లో ప్రచురించింది. ఒక వారం ప్రతి పిల్లా రోజూ పడుకునే సమయాన్ని గంటన్నర పెంచారు, ఇంకో వారం గంటన్నర తగ్గించారు. అదే పిల్ల, అదే ఇల్లు, అదే వంట. ఎక్కువ నిద్రపోయిన వారంలో పిల్లలు రోజుకు సగటున 134 క్యాలరీలు తక్కువ తిన్నట్టు చెప్పారు. అంటే దాదాపు రెండు మూడు ఇడ్లీలంత. బరువు కూడా తక్కువ నిద్రపోయిన వారంతో పోలిస్తే సుమారు పావు కిలో తక్కువ ఉంది. ఒక చిక్కుముడి ఉన్నమాటా చెప్పాలి. నిద్ర తగ్గితే కడుపు నిండిందని మెదడుకు చెప్పే లెప్టిన్ తగ్గుతుందని 2004లో షికాగోలో పెద్దవాళ్ళ మీద తేలింది. ఈ పిల్లల్లో మాత్రం నిద్ర పెరిగినప్పుడే లెప్టిన్ తగ్గింది. కొవ్వు, ఆకలి, హార్మోన్ల మధ్య లంకె ఏ దారిలో నడుస్తుందో శాస్త్రం ఇంకా పూర్తిగా విప్పలేదు. కానీ నిద్ర పెరిగితే పిల్లలు తక్కువ తిన్నారన్న ఫలితం అలాగే ఉంది. దారి పూర్తిగా తెలిసేదాకా ఆగడానికి ఇది ప్రమాదమున్న మందేమీ కాదు, పిల్లలను నిద్రపోనివ్వడం.

మన పిల్లల్లో సగం మంది బక్కచిక్కి ఉంటే ఊబకాయం గోల ఏమిటని ఇంకొందరు అంటారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019-21లో దేశంలో ఐదేళ్ళలోపు పిల్లల్లో 35.5 శాతం వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్ళు, 3.4 శాతం అధిక బరువు ఉన్నవాళ్ళు. రెండో అంకె చిన్నదే. నాలుగేళ్ళ ముందటి సర్వేలో అది 2.1 శాతం. ఈ రెండు అంకెలూ వేర్వేరు సమస్యలవి అనుకోవడం మన దేశం విషయంలో పొరపాటు. పుణే దగ్గరి గ్రామాల్లో పుట్టిన పిల్లలను డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో పుట్టిన పిల్లలతో పోల్చారు. మన పసికందు సగటు బరువు 2.7 కిలోలు, అక్కడి పసికందుది 3.5 కిలోలు. కండ, పొట్ట లోపలి అవయవాలు మన పిల్లల్లో బాగా తక్కువ. వీపు మీద చర్మం కింది కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. సన్నగా కనిపిస్తూనే కొవ్వు మోసే ఒళ్ళు ఇది. అలాంటి ఒంటితో పుట్టి, తర్వాత కూర్చుని చదువుతూ, నిద్ర చాలక, నడుము చుట్టూ కొవ్వు పోగేసుకునే పిల్లలకు చక్కెర జబ్బు ముప్పు తక్కువ బరువు దగ్గరే మొదలవుతుంది. ఎత్తు చాలని పిల్లలకు గాఢనిద్రలో వచ్చే ఎదుగుదల హార్మోను ఇంకా అవసరం. నిద్ర ఇద్దరికీ కావాలి.

నిద్ర చెడగొడుతున్నది సెల్‌ఫోన్ కదా, బడినెందుకు అంటారన్నది ఇంకో అభ్యంతరం. ఫోన్ చేస్తున్న చెడును తక్కువ చేయను. కళ్ళ ముందు వెలుగు నిద్రకు సిద్ధం చేసే హార్మోను మెలటోనిన్‌ను అణచివేస్తుంది, రీల్స్ చూస్తూ గంటలు గడిచిపోతాయి. కానీ రెసిడెన్షియల్ కాలేజీల్లో ఫోన్లను అనుమతించరు. ఫోన్ లేని ఆ పిల్లలకూ ఆరు గంటల నిద్రే దక్కుతోందంటే కారణం బెల్లు, స్టడీ అవర్. ఇంటి దగ్గర ఫోన్‌ను అమ్మానాన్నలు లాక్కోవచ్చు. హాస్టల్ బెల్లును ఏ తల్లీ ఆపలేదు.

తెల్లవారుజామున లేచి చదవడం మన పెద్దల నుంచి వస్తున్న అలవాటే, ఆ వేళ చదివింది తలకెక్కుతుందని చాలామంది నమ్మకం. ఆ నమ్మకాన్ని నేను తోసిపుచ్చడం లేదు. అయితే అలా లేచిన కాలంలో ఎనిమిది, తొమ్మిదికల్లా దీపం ఆర్పేవాళ్ళు. మనం పొద్దున పూట అలవాటును ఉంచుకుని రాత్రి పూట అలవాటును వదిలేశాం. ఇంకో సంగతి, యుక్తవయసు పిల్లల ఒంటి గడియారం వెనక్కి జరుగుతుంది. మేరీ కార్స్కడన్ వంటి శాస్త్రవేత్తలు 1990ల నుంచి చూపిస్తున్నది ఇదే: 14, 15 ఏళ్ళ పిల్లల్లో మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా మొదలవుతుంది, పొద్దున ఆలస్యంగా తగ్గుతుంది. తొమ్మిదిన్నరకు లైట్లు ఆర్పేసినా వాళ్ళకు వెంటనే నిద్ర రాదు. అది మొండితనం కాదు. అందువల్ల ఈ వయసు వాళ్ళకు రాత్రి ముందే పడుకోబెట్టడం ఒక్కటే చాలదు, పొద్దున ఆలస్యంగా లేపడం కూడా కావాలి. అయిదు గంటల బెల్లు కొట్టేది వాళ్ళ కలల నిద్ర మీద.

అసలు అభ్యంతరం మార్కులు. జేఈఈ, నీట్, ఎప్‌సెట్ పోటీలో రెండు గంటలు వదులుకుంటే పిల్ల వెనకబడుతుందన్న భయం తల్లిదండ్రులది, దాన్ని పెంచి పోషించే వ్యాపారం యాజమాన్యాలది. దీనికి సూటి జవాబు లాస్ ఏంజెలెస్‌లో 500 మందికి పైగా విద్యార్థులు 9, 10, 12 తరగతుల్లో రెండేసి వారాల చొప్పున రాసిన డైరీల్లో దొరికింది. నిద్ర మానుకుని మామూలు కన్నా ఎక్కువ చదివిన మర్నాడు వాళ్ళకు క్లాసులో పాఠం అర్థం కాకపోవడం, పరీక్ష సరిగా రాయలేకపోవడం ఎక్కువైంది. మామూలుగా ఎంత చదివే పిల్లలన్నదానితో దానికి పని లేదు. చదివింది జ్ఞాపకంగా గట్టిపడేది నిద్రలోనే కాబట్టి ఇందులో వింత లేదు. సియాటిల్ నగరంలో 2016లో హైస్కూళ్ళను ఉదయం 7:50 నుంచి 8:45కు మార్చారు. మణికట్టు పరికరాలతో కొలిచి చూస్తే పిల్లలకు రోజుకు 34 నిమిషాల నిద్ర పెరిగింది. ఆలస్యంగా బడి పెడితే అంతే ఆలస్యంగా పడుకుంటారన్న అనుమానం నిజం కాలేదు. మార్కులు కూడా కొంచెం పెరిగాయి, తగ్గలేదు.

ఇది ఆచరణలో సాధ్యమా అన్న ప్రశ్నకు ఇప్పటికే జవాబులున్నాయి. మాధ్యమిక, ఉన్నత పాఠశాలలు 8:30కు ముందు మొదలు కాకూడదని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2014లో కోరింది. కాలిఫోర్నియా 2019లో చట్టం చేసి 2022 నుంచి హైస్కూళ్ళకు దాన్ని అమలు చేస్తోంది. మన పక్కనే మహారాష్ట్ర ప్రభుత్వం నాలుగో తరగతి దాకా బడులు ఉదయం 9కి గానీ ఆ తర్వాత గానీ మొదలవ్వాలని 2024 ఫిబ్రవరిలో ఆదేశాలిచ్చింది. కోచింగ్ సెంటర్ల మీద కేంద్రం 2024 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాలు రోజుకు 5 గంటలకు మించి క్లాసులు వద్దన్నాయి, మరీ పొద్దున్నే గానీ మరీ రాత్రి దాకా గానీ పెట్టొద్దన్నాయి. కోచింగ్‌నే కాలేజీ పేరుతో నడిపే చోట ఆ నియమం ఎందుకు వర్తించకూడదు? బస్సుల చిక్కు నిజమే, ఒకే బస్సు రెండు ట్రిప్పులు తిరిగే చోట పెద్ద తరగతులకు రెండో ట్రిప్పు ఇవ్వడం లాంటి సర్దుబాట్లు కావాలి. మార్చి నుంచి ఒంటిపూట బడులు పొద్దున్నే పెట్టడం ఎండల వల్ల. మన ఎండల్లో దాన్ని కాదనలేం. ఆ వారాల్లో హోంవర్క్ తగ్గించి, పదో తరగతి ప్రత్యేక తరగతులను రాత్రికి జరపకుండా చూస్తే నిద్ర నష్టపోకుండా ఎండనూ తప్పించవచ్చు.

నేను కోరుతున్న ఉత్తర్వు ఇది. హాస్టల్ ఉన్న ప్రతి బడీ, ప్రతి జూనియర్ కాలేజీ తన దినచర్యలో ఏడో తరగతి దాకా పిల్లలకు తొమ్మిదిన్నర గంటలు, ఆపై వాళ్ళకు ఎనిమిదిన్నర గంటలు లైట్లు ఆర్పి ఉంచే సమయంగా చూపాలి. నిద్ర పట్టడానికి పట్టే అరగంట అందులోనే ఉంది. ఉదయం ఆరున్నరకు ముందు చదువు పేరుతో ఎవరినీ లేపకూడదు. ఆదివారం పరీక్షలకూ ఇదే వర్తించాలి. ఇంటర్ బోర్డులు అనుబంధ గుర్తింపు ఇచ్చేటప్పుడు ల్యాబులు, అగ్నిమాపక పత్రం చూసినట్టే ఈ దినచర్యనూ చూడాలి. గురుకులాలు వేర్వేరు సంక్షేమ శాఖల కింద ఉన్నాయి కాబట్టి ఆ మంత్రులతో మాట్లాడి ముందు అక్కడ అమలు చేయిస్తే, ప్రైవేటు యాజమాన్యాలను అడిగే హక్కు ప్రభుత్వానికి బలంగా ఉంటుంది. ఏడాదికి రెండుసార్లు పిల్లల ఎత్తు, బరువు, నడుము కొలత తీసి రాయించండి. రెండేళ్ళలో మన పిల్లల లెక్కలు మన దగ్గరే ఉంటాయి, అప్పుడు షికాగోను, డునెడిన్‌ను ఉదాహరణగా చెప్పుకోనక్కర్లేదు. తనిఖీకి వచ్చే అధికారి మధ్యాహ్నం ఆఫీసు గదిలో కూర్చుని రిజిస్టరు చూస్తే ఇది తేలదు. రాత్రి పదిన్నరకు ఒకసారి, ఉదయం అయిదింటికి ఒకసారి చెప్పకుండా హాస్టల్‌కు వెళ్ళి ఏ గదుల్లో లైట్లు వెలుగుతున్నాయో చూడాలి. కొత్త విద్యా సంవత్సరపు టైంటేబుళ్ళు ఖరారయ్యేది వేసవి సెలవుల్లోనే కనుక, జూన్‌లో బడులు తెరిచేలోగా ఉత్తర్వు వెలువడాలని విన్నవించుకుంటున్నాను.

ఇట్లు
ఒక పౌరుడు